మా బావ ఇంట్లో ఆగని ఉత్తరాలు

మా బావ గొంతు విని ఒకసారి రైలు వెనక్కి వచ్చింది. నమ్మేవాళ్ళు నమ్మండి, నమ్మనివాళ్ళు మా అక్కని అడగండి. ఆవిడా నమ్మదు, అది వేరే సంగతి. బండి మూడో నంబరు ప్లాట్‌ఫారం వదిలి అవుటరు సిగ్నలు దాకా పోయాక, ముసలాయనెవరో చేతికర్ర బెంచీ మీద మర్చిపోయాడని మా బావ మైకులో చెప్పాడట. చెప్పిన తీరుకి డ్రైవరు కళ్ళు తుడుచుకుని, బండిని వెనక్కి నడిపించి, కర్ర అందించి మరీ వెళ్ళాడట. ఇందులో మా బావ చెప్పింది బండి వరకే. కళ్ళు తుడుచుకోవడం నేను కలిపాను. ఆ మాత్రం కలపకపోతే బండి వెనక్కి వచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆయన ఆ స్టేషన్‌లో అనౌన్సరు. టికెట్ల కౌంటరు పక్కన ఇనుప మెట్లెక్కితే అద్దాల గది. అందులో ఒక మైకు, ఒక గంట మీట, బండ్ల రాకపోకలు రాసుకునే పుస్తకం, పై ఆఫీసు నుంచి మోగే నల్ల ఫోను, ఫ్లాస్కులో వేడినీళ్ళు. చూపుడువేలి గోరుతో మైకుని రెండుసార్లు టకటకమనిపించి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడంటే, ప్లాట్‌ఫారం మీద ఏడుస్తున్న చంటిపిల్లలు కూడా ఏ బండో విందామని కాసేపు ఏడుపు ఆపేవాళ్ళు. గొంతు కోసం చల్లనివి మానేశాడు, పుల్లనివి మానేశాడు, మా అక్కతో వాదించడం కూడా మానేశాడు. మూడోది గొంతు కోసం కాదని అక్క అంటుంది.

ఉద్యోగం ఆయనతో పాటు ఇంటికి కూడా వచ్చేది. స్నానాల గదిలోంచి వినపడేది, "దయచేసి వినండి. కొక్కేనికి ఉండవలసిన తువ్వాలు అనివార్య కారణాల వల్ల ఇంకా చేరుకోలేదు" అని, ఒకసారి కాదు, మూడుసార్లు. మా అక్క ముందు గదిలో కుట్టుమిషను తొక్కుతూనే, "అది ఇవాళ రద్దయిందండీ, గాలికి ఆరండి" అనేది.

ఆయనకి రెండు నియమాలు. మొదటిది, మన స్టేషన్‌లో ఆగని బండి గురించి నోరు విప్పకూడదు. "ఆగని బండి పేరు చెప్పామనుకో, జనం దానికోసం లేచి నిలబడతారు. అది మొహం మీద దుమ్ము కొట్టి పోతుంది. ఆశపెట్టడం కంటే పాపం లేదురా" అనేవాడు. రెండోది, ఆలస్యానికి క్షమాపణ చెప్పకూడదు. బండి రెండు గంటలు ఆలస్యం అని చెప్పేవాడు, జడ్జీ శిక్ష చదివినట్టు. తర్వాత చదవాల్సిన "ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అనే ముక్క మాత్రం మింగేసేవాడు. పైవాళ్ళు అడిగితే, "నేనెందుకు చింతించాలండీ? నేనేమన్నా వెళ్ళి పట్టాలకి అడ్డంగా పడుకున్నానా?" అన్నాడు.

ఆయన మింగిన ఆ ముక్కనంతా రెండో షిఫ్టాయన వడ్డీతో సహా కక్కేవాడు. ఆ మనిషికి పుట్టుకతోనే ముక్కు దిబ్బడ. అందరూ ఆయన్ని జలుబాయన అనేవాళ్ళు. ఆయన "చింతిస్తున్నాము" అన్నాడంటే ఇంట్లో ఎవరో పోయారేమో అనిపించేది. బండి కోసం తిట్టుకుంటున్నవాళ్ళు తిట్లు ఆపి, "పాపం" అనేవాళ్ళు. మా బావ మాత్రం, "గొంతుతో మాట్లాడే ఉద్యోగంలో ముక్కుతో మాట్లాడేవాణ్ణి పెట్టారు" అని పళ్ళు నూరేవాడు.

ఇద్దరూ ఒకే ఏడాది రిటైరయ్యారు. వాళ్ళ కుర్చీలో యంత్రాన్ని కూర్చోబెట్టారు. ఆ యంత్రం ఊళ్ళ పేర్లని వేడి బంగాళాదుంప నోట్లో పెట్టుకున్నట్టు పలికేది. నాలుగే ప్లాట్‌ఫారాలున్న స్టేషన్‌లో ఒకరోజు బండి తొమ్మిదో నంబరు మీదకి వస్తోందని చెప్పింది. పదకొండు మంది సామాను మోసుకుంటూ తొమ్మిదో నంబరు వెతకడానికి వెళ్ళారు. వాళ్ళలో ఇద్దరు ఇంకా తిరిగి రాలేదు.

ఫిర్యాదులు గుట్టలు పడ్డాక, యంత్రంలో మనిషి గొంతు పెట్టాలని పైవాళ్ళు నిర్ణయించారు. క్షవరం షాపులో పక్క కుర్చీలో సబ్బు నురుగుతో కూర్చున్న స్టేషన్ మాస్టరు మా బావకి ఆ కబురు చెప్పాడు.

"పాత అనౌన్సర్లందరికీ ఈ-మెయిల్ వస్తుందండీ. గొంతు నమూనా పంపాలి. ఎవరిది నచ్చితే వాళ్ళ గొంతు ఇక శాశ్వతంగా స్టేషన్‌లో ఉండిపోతుంది. గడువు దాటితే మాత్రం మళ్ళీ అడగరు. మెయిలు చూసుకుంటూ ఉండండి."

మా బావకి అందులో ఒక్క మాటే వినపడింది. సగం గడ్డంతో తిన్నగా మా ఇంటికి వచ్చి, "ఒరే బామ్మర్దీ, శాశ్వతంగా అట!" అన్నాడు. "నేను పోయాక కూడా ఆ స్టేషన్లో బండ్లు నా మాటే వింటాయిరా."

"మీరున్నప్పుడే వినలేదు కదా బావా" అన్నాను.

"నోర్ముయ్. ఆ కంప్యూటరు సంగతి చూడు. ఆ మెయిలు గానీ నా కంట పడకుండా పోయిందంటే, ముప్ఫయ్యొక్క ఏళ్ళు నేను గోడకి చెప్పినట్టే."

నా దగ్గరికి రావడంలో వింత లేదు. కాలేజీ రెండో ఏడాదిలోనే ఆ చదువు నా తెలివికి చాలదని గ్రహించి బయటికి వచ్చేసినవాణ్ణి. ఒకసారి కంప్యూటరు విప్పి బిగిస్తే నాలుగు మరలు మిగిలిపోయాయి. అయినా అది ముందుకంటే చురుగ్గా నడిచింది. బరువు తగ్గింది కదా.

అక్క వాళ్ళింట్లో కంప్యూటరు ముందు గదిలో, కుట్టుమిషనుకి ఎదురుగా, పువ్వులు కుట్టిన ముసుగు వేసుకుని కూర్చునుండేది. దాన్ని వాడేది అక్క ఒక్కతే. ఆవిడ ఇళ్ళకి కర్టెన్లు కుడుతుంది. బజారులో కర్టెన్ల కొట్టువాళ్ళు కిటికీల కొలతలు మెయిల్లో పంపిస్తారు. మా బావ అప్పటిదాకా దాన్ని తుడవడానికి కూడా ముట్టుకోలేదు. ఆ రోజు ముసుగు తీసి, ఎదురుగా కుర్చీ వేసుకుని, పక్కన ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. నేను అలర్టు పెట్టి, నా దగ్గర్నుంచి ఒక మెయిలు పంపి చూపించాను. టింగ్ మంది.

"ఏంటది?"

"మెయిలు వచ్చిందని చెప్తోంది బావా."

"ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరు పంపారు? ఎంత ఆలస్యంగా వచ్చింది?"

"అవన్నీ చెప్పదు. టింగ్ మంటుంది, అంతే."

"అవేమీ చెప్పనిదాన్ని అలర్టు అనరురా. చెంచా కింద పడటం అంటారు."

ఆ శబ్దం బదులు మనక్కావలసిన శబ్దం పెట్టుకోవచ్చని, ఒక్కొక్కరి ఉత్తరానికి ఒక్కొక్కటి పెట్టొచ్చని నేను నోరు జారాను. కందకి లేని దురద కత్తిపీటకెందుకో! మా బావ కళ్ళు సిగ్నలు దీపాల్లా వెలిగాయి. గీతల కాగితం తెప్పించి, స్కేలు పెట్టి గళ్ళు గీసి, తమ ఇంటికి వచ్చే ఉత్తరాలన్నిటికీ టైంటేబుల్ రాశాడు. కరెంటాఫీసు, గ్రంథాలయం, కర్టెన్ల కొట్టు, మా పెద్దమ్మ కూతురు, చివర ఎర్ర సిరాతో రైల్వే. ఒక్కొక్కదానికీ, నేను కంప్యూటరుకి తగిలించిన మైకులో, తన గొంతుతో ప్రకటన రికార్డు చేశాడు.

రైల్వే ప్రకటనకి మూడు రోజులు పట్టింది. నలభై ఆరు సార్లు చెప్పాడు. ఒకసారి ఊపిరి ఎక్కువైంది, ఒకసారి గాంభీర్యం తక్కువైంది, ఒకసారి పైవాటాలో ఎవరో తుమ్మారు. కర్టెన్ల కొట్టుది మాత్రం ఒక్కసారిలో అయిపోయింది. అప్పుడు అక్క సూదిలో దారం ఎక్కించుకుంటోంది. మా బావ ఆవిడ వైపు తిరిగి, గోరుతో మైకుని కొట్టడం కూడా మర్చిపోయి, నవ్వుతూ అన్నాడు, "దయచేసి వినండి. కర్టెన్ల కొట్టు నుంచి బయలుదేరిన ఉత్తరం మరికొద్ది క్షణాల్లో ముందు గదికి చేరుకోబోతోంది. కుట్టుమిషను దగ్గర ఉన్నవారు దయచేసి గమనించగలరు."

"గమనించాను గానీ, ఆ లైటు కాస్త ఇటు తిప్పండి" అంది అక్క.

చివర నేను అడిగాను. "జాబితాలో లేనివాళ్ళ మెయిళ్ళు ఏం చెయ్యమంటారు బావా?"

"అవి మన స్టేషన్‌లో ఆగని బండ్లు. చప్పుడు లేకుండా పోనీ."

"రేపు ఎవరైనా కొత్తవాళ్ళు రాస్తే?"

"టైంటేబుల్లో లేని బండి ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్కటి రాలేదు. నాకు చెప్తావా?"

సరే, నాదేం పోయింది. 'ఆగని బండ్లు' అని ఒక పెట్టె తయారుచేసి, జాబితాలో లేని ప్రతి ఉత్తరం మారు మాట్లాడకుండా అందులో పడేలా పెట్టాను. ఆ నియమాన్ని ఎంత పకడ్బందీగా రాశానంటే, దోమ కూడా అందులోంచి తప్పించుకుని ముందు గదిలోకి రాలేదు.

ఆ మర్నాటి నుంచి ఇల్లు జంక్షనయింది. ఉత్తరం వస్తే మూడుసార్లు ప్రకటన. పైవాటాలో అద్దెకుండే బస్సు డ్రైవరు కరెంటాఫీసు ప్రకటన విని నిద్ర లేవడం అలవాటు చేసుకున్నాడు. కరెంటు బిల్లు రాని రోజుల్లో ఉద్యోగానికి ఆలస్యంగా వెళ్ళేవాడు. ఒకాయన రెండు పెట్టెలతో కిటికీ కింద నిలబడి, "ఏవండీ, ఇది ఎన్నో నంబరు?" అని అడిగాడు. మా అక్క కత్తెర చేత్తోనే పట్టుకుని, "స్టేషన్ అటు, పిచ్చాసుపత్రి ఇటు. మీకేది కావాలి?" అంది.

కానీ ఎర్ర సిరా ప్రకటన మాత్రం మోగలేదు. వారం, రెండు వారాలు, మూడు వారాలు. మా బావ బయటికి వెళ్ళడం మానేశాడు. క్షవరం మానేశాడు. గడ్డం పెరిగింది. భోజనం పళ్ళెం కంప్యూటరు ముందుకే.

"మీరు ఎదురుగా కూర్చుంటే అది తొందరగా వస్తుందా?" అని అక్క విసుక్కుంది.

"బండి వచ్చే వేళకి అనౌన్సరు గదిలో లేకపోతే ఎలాగే?"

"నెల రోజుల్నుంచీ వస్తున్న బండా అది?"

నేను వెళ్ళినప్పుడల్లా, ఎవరూ వినకుండా, "ఒరే, ఆ రైల్వేది ఒక్కసారి మోగించి చూడరా, పని చేస్తుందో లేదో" అనేవాడు. మోగించేవాణ్ణి. కళ్ళు మూసుకుని వినేవాడు. అప్పుడు నాకు కూడా హాస్యం తోచేది కాదు. నాకు తోచలేదంటే అర్థం చేసుకోండి.

ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. నేను అక్కడే ఉన్నాను. అవతల జలుబాయన. అంత గట్టిగా ముక్కు చీదాడంటే ఇంకెవరు?

"ఏవయ్యా మొదటి షిఫ్టూ, ఎలా ఉన్నావ్? ఏం పంపావ్?"

"ఏం పంపడం?"

"నాటకాలెందుకులేవయ్యా! నమూనా. నేను సోమవారమే పంపేశా. నీది వింటే గానీ నాకు నిద్ర పట్టదు. ఆలస్యం ముక్కలో 'చింతిస్తున్నాము' అన్నావా, ఈసారి కూడా మింగేశావా?"

మా బావ ఫోను పెట్టలేదు, జారవిడిచాడు. నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను.

ఆగని బండ్ల పెట్టె తెరిచాం. రెండువందల పన్నెండు ఉత్తరాలు చప్పుడు లేకుండా పోయిన బండ్లలా వరసగా ఉన్నాయి. బట్టతల మందులు, విమానం టికెట్లు, ఎవరో రాణిగారి ఆస్తి, వాటి మధ్యలో ఒకటి, రికార్డింగ్ కంపెనీ నుంచి. రైల్వే ఈ పనిని బయటి కంపెనీకి అప్పజెప్పిందట. ఉత్తరం రైల్వే పేరుతో రాలేదు. వచ్చి ఎనిమిది రోజులైంది. రెండు ముక్కలు చదివి పంపమన్నారు, ఒకటి బండి రాక, ఒకటి బండి ఆలస్యం. గడువు ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటి దాకా.

గోడ గడియారంలో నాలుగూ పది.

తిడతాడనుకున్నాను. తిడితే బావుండేది. "నేను చెప్పిందే చేశావు కదరా" అన్నాడు మెల్లగా. "ఆగే బండిని ఆగదన్నాను."

అక్క మిషను మీంచి లేచింది. "ఆ పంచాంగం తర్వాత చదువుకోవచ్చు. ఏం కావాలో చెప్పండి."

వీధి చప్పుడు లేకుండా గది కావాలి. అక్క కుట్టి మడతపెట్టిన కర్టెన్లన్నీ తెచ్చి కిటికీలకీ తలుపులకీ వేలాడదీసింది. ఇంకొక మందపాటి కర్టెన్ బావ మీదా కంప్యూటరు మీదా కలిపి కప్పింది. ఎవరో డాక్టరుగారింటి హాలు కర్టెన్ అది, నీలం రంగుది, మీద కొంగలు. ఆ కొంగల గుడారంలోంచి గోరు చప్పుడు వినపడింది. టక టక.

ముందు ఆలస్యం ముక్క మొదలుపెట్టాడు. "...రెండు గంటలు ఆలస్యంగా నడుస్తున్నది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి..." ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు మింగిన మాట, పిలవగానే వస్తుందా?

"అనండీ! నోరు అరిగిపోదు!" అంది అక్క గుడారం బయట నుంచి.

"వస్తే అననా ఏంటే!"

తొమ్మిదోసారి అన్నాడు. "చింతిస్తున్నాము" అనే అన్నాడు గానీ, "ఇంకోసారి అడిగితే చూస్తా" అన్నట్టు వినపడింది. నాలుగూ నలభై ఎనిమిది. దాన్నలాగే ఉంచేసి, బండి రాక ముక్క మొదలుపెట్టాడు. గొంతు వణికింది. వణుకు దాచడానికి గట్టిగా చదివాడు. గట్టిగా చదివితే కసిరినట్టుంది. ఆరోసారి కాస్త దారిలో పడి, "దయచేసి వినండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదకు..." అంటుండగా, కంప్యూటరు లోంచి అదే గొంతు, తీరిగ్గా, నవ్వుతూ లేచింది.

"దయచేసి వినండి. కర్టెన్ల కొట్టు నుంచి బయలుదేరిన ఉత్తరం మరికొద్ది క్షణాల్లో ముందు గదికి చేరుకోబోతోంది. కుట్టుమిషను దగ్గర ఉన్నవారు..."

గుడారంలో పెద్ద గందరగోళం. ఫ్లాస్కు పడింది. మా బావ ఆపకుండా, తన గొంతు మీద తనే గొంతు పెంచి, బండిని ప్లాట్‌ఫారం మీదకి ఈడ్చుకొచ్చాడు. వెనక కర్టెన్ల ఉత్తరం మూడుసార్లూ పూర్తిగా చేరుకుంది. కొట్టువాళ్ళకి కూడా అప్పుడే గుర్తొచ్చింది, డాక్టరుగారి హాలు కర్టెన్ ఎప్పుడిస్తారని!

నాలుగూ యాభై ఆరు.

"మళ్ళీ చదువుతా" అన్నాడు కర్టెన్ లోంచి తల బయటపెట్టి. చెమటకి కొంగలు చెంపకి అంటుకున్నాయి.

"టైమెక్కడుంది బావా?"

"వెనక ఎవడో వాగుతున్నాడు కదరా!"

"ఎవడో ఏంటండీ, మీరే" అని అక్క వంగి, చూపుడువేలితో తనే మీట నొక్కి పంపేసింది. "ఆలస్యంగా పోయే మంచి బండికంటే టైముకి పోయే డొక్కు బండి నయం. మీరు చెప్పిందే."

ఆ తర్వాత ఆరు రోజులు ఆ ఇంట్లో ఎవరూ ఏమీ ప్రకటించలేదు. టైంటేబుల్ కాగితం మా బావ తనే చింపేశాడు. ఆగని బండ్ల పెట్టె తీయించేశాడు. "అన్నిటికీ ఆ చెంచా చప్పుడే పెట్టు. అన్ని బండ్లూ ఆగనీ" అన్నాడు. ఎప్పుడు టింగ్ మన్నా లేచి నిలబడేవాడు. బట్టతల మందు కోసం ఆరు రోజుల్లో నలభైసార్లు లేచి నిలబడ్డాడు. మా బావకి జుట్టు ఒత్తు, అది గమనించండి.

ఆరో రోజు టింగ్ మంది. కంపెనీ ఉత్తరం. కళ్ళద్దాలు కనపడటం లేదని, అవి ముక్కు మీదే ఉన్నా, అక్కని చదవమన్నాడు.

"అయ్యా, మీరు పంపిన నమూనా విన్నాం. ముందున్న గొంతు ప్రయాణికుల్ని మందలిస్తున్నట్టు ఉంది. దాన్ని తీసుకోలేకపోతున్నాం." అక్క తెర మీద కింది వరసకి వేలు జరిపింది. "అయితే వెనక నుంచి వినిపించిన రెండో పెద్దమనిషి గొంతు మా అందరికీ బాగా నచ్చింది. తను కూడా ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు చెబుతున్నారు. దయచేసి వారి వివరాలు పంపగలరు."

మా బావకి సంతోషం రావాలా వద్దా? రాలేదు. మొహం మాడిపోయింది. "వాడిలో ఏముందట? గోరుతో మైకు కూడా కొట్టలేదు వాడు!" అన్నాడు.

"బావా, వాడు మీరే."

"అయితే? పద్ధతిగా చదివినవాణ్ణి కాదని ఆ చనువుగాణ్ణి తీసుకుంటారా?"

ఆ చనువుగాణ్ణి వెంటపెట్టుకుని, అంటే మా బావని తీసుకుని, ముగ్గురం కంపెనీకి వెళ్ళాం. చిన్న గది, గోడలకి గుడ్డ, మధ్యలో అద్దం, అద్దం అవతల చెవులకి డిప్పలు పెట్టుకున్న ఇంజనీరు. మా బావ గోరుతో టకటకమనిపించి చదివాడు. ఇంజనీరు తల అడ్డంగా ఊపాడు. "సార్, మీరు కాదు. వెనకాయన్ని తీసుకురండి."

"నేనేనయ్యా వెనకాయన్ని!"

"అందరూ అలాగే అంటారు సార్."

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. అక్కడ కూడా కసురుతూనే ఉన్నాడు. చివరికి అక్క ఎవరినీ అడక్కుండా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, బావకి ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని, సంచీలోంచి సూదీ దారం తీసింది. "మీ పని మీరు చూసుకోండి. నాకు ఇక్కడ వెలుతురు బాగుంది" అంది. మా బావ ఆవిడ వైపు చూశాడు. దారం సూది బెజ్జంలోకి పోవడం లేదు. చూస్తూ చూస్తూ, మైకు సంగతి మర్చిపోయి, బండి వస్తోందని అక్కకి చెప్పాడు. అద్దం అవతల ఇంజనీరు చెవి డిప్పలు రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఈయనే సార్! ఇంతసేపూ ఎక్కడ దాచారు?"

గొంతు ఖాయమైంది. నెల తిరక్కుండా యంత్రంలో పెట్టేశారు. కాకపోతే కంపెనీవాళ్ళు గొంతులు పంచారు. సమయానికి వచ్చే బండ్లన్నిటికీ మా బావ. ఆలస్యాలకీ, రద్దులకీ, చింతించడానికీ జలుబాయన. సంగతి తెలిసి మా బావ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "వాడికి తగిన పనే ఇచ్చారు. వచ్చే బండికి నేను, రాని బండికి వాడు. ఎవరు గొప్పో జనమే చూస్తారు" అని, క్షవరం చేయించుకుని, మొదటిరోజు నన్ను వెంటేసుకుని స్టేషన్‌కి వచ్చాడు. ఒకటో నంబరు మీద, స్పీకరు కింద బెంచీలో కూర్చున్నాడు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జలుబాయనే.

ఈ చిన్న లెక్క మా బావకి గానీ, గొప్ప తెలివిగలవాణ్ణి, నాకు గానీ తట్టలేదు. ఆ లైను మీద బండి టైముకి వచ్చి ఎన్నేళ్ళయిందో స్టేషన్ మాస్టరుకే గుర్తులేదు. "నలభై నిమిషాలు ఆలస్యంగా... బిక్కిలి చింతిస్తున్నాబు" అని స్పీకరు ముక్కుతో ఏడుస్తూనే ఉంది. పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళొత్తుకుని, "ఎవరో గానీ బంగారంలాంటి మనిషి నాయనా, బండి రాకపోతే మనకంటే ఎక్కువ బాధపడుతున్నాడు" అని మా బావతోనే అంది.

"అవునండీ" అన్నాడు మా బావ, పళ్ళు బిగించి.

రెండోరోజు వచ్చాడు. మూడోరోజు వచ్చాడు. రైళ్ళ టైంటేబుల్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, గడియారం చూసుకుంటూ, రైల్వేకంతటికీ తనొక్కడే మేనేజరైనట్టు. నాలుగోరోజు అక్క కూడా వచ్చింది, డాక్టరుగారి కర్టెన్ ఇచ్చి వస్తూ. పదకొండూ ఇరవై బండికి ఇంకా మూడు నిమిషాలుంది. స్పీకరు గరగరమంది. నేను జలుబాయన కోసం చెవులు సిద్ధం చేసుకున్నాను.

"దయచేసి వినండి..."

మా బావ లేచి నిలబడ్డాడు. అదే గొంతు. తీరిగ్గా, దగ్గరగా, ఎదురుగా ఎవరో దారం ఎక్కించుకుంటుంటే చెబుతున్నట్టు. బండి సరైన సమయానికి ఒకటో నంబరు మీదకు చేరుకోబోతోందని. అక్క సంచీ కింద పెట్టి, వింది.

ఇంకెవరూ కదల్లేదు. చాపలు పరుచుకున్నవాళ్ళు పరుచుకునే ఉన్నారు. "ఇదెవరు, కొత్త గొంతు?" అన్నాడొకడు. "ఏదో పరీక్ష చేస్తున్నార్లే. మన ఆయన ఇంకా ఏడవలేదు కదా, బండి ఎక్కణ్ణుంచొస్తుంది?" అన్నాడు ఇంకొకడు, పడుకుంటూ. బండి వచ్చేసింది. నిజంగానే వచ్చింది, రెండు నిమిషాలు ఆగుతుంది. పెట్టెల తలుపులు తెరుచుకున్నాయి. ప్లాట్‌ఫారం మీద జనం దాన్ని సినిమా చూసినట్టు చూస్తున్నారు.

మా బావ బెంచీ ఎక్కాడు.

"ఒరే నాయనలారా! అది నిజమేరా! బండే అది, మన బండే! లేవండి! ఎక్కండి! అమ్మా, మీ సంచీ! బాబూ, ఆ ముసలాయన్ని పట్టుకో!"

మైకు లేదు, గంట మీట లేదు, గోరు చప్పుడు లేదు. నాలుగు ప్లాట్‌ఫారాలూ అదిరిపోయాయి. జనం చాపలు చుట్టి, సామాను లాగి, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎక్కేశారు. బండి కదిలింది.

ఇందాక పడుకున్నవాడు మాత్రం చెప్పులు వేసుకునేసరికి ఆఖరి పెట్టె కూడా దాటిపోయింది. ఒక చెప్పు చేత్తో పట్టుకుని వచ్చి, మా బావ మీద విరుచుకుపడ్డాడు. "కాస్త ముందు అరవొచ్చు కదండీ! ఇప్పుడు నా గతేంటి?"

మా బావ బెంచీ దిగాడు. గొంతు బొంగురుపోయింది. పట్టాల సంగతీ, అడ్డంగా పడుకోవడం సంగతీ ఎత్తుతాడని నేను చూస్తున్నాను. ఆయన ఆ మనిషి భుజం మీద చెయ్యి వేశాడు.

"చింతిస్తున్నానయ్యా" అన్నాడు.

నేనూ అక్కా మొహమొహాలు చూసుకున్నాం. ఆ ఒక్క ముక్కా అప్పుడు ఎవరైనా రికార్డు చేసి ఉంటే, జలుబాయన ఉద్యోగం ఆ రోజే ఊడిపోయేది.